చెక్‌డిస్క్ వదిలేసిన నాలుగు కిలోబైట్లు: బూట్ కాని 80 జీబీ డిస్క్‌లో ఒక పుస్తకం

బూట్ కాని పాత సిస్టమ్‌లు నా దగ్గరికి తరచుగా వస్తుంటాయి. చాలావాటిలో పని ఒకే తీరుగా సాగుతుంది. డిస్క్ కాపీ తీస్తాం, ఫైళ్లు బయటికి తీస్తాం, ఇచ్చేస్తాం. ఈ కేసు అలా సాగలేదు. డిస్క్‌ని దాదాపు మొత్తం చదవగలిగాక కూడా కావలసిన ఫైళ్లలో రెండు తెరుచుకోలేదు. ఎందుకు తెరుచుకోలేదో వెతుక్కుంటూ వెళ్లిన దారి ఈ పనిలో ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. మనుషుల వివరాలు, ఊరు, పుస్తకం విషయం గుర్తుపట్టే వీలు లేకుండా మార్చాను.

నేపథ్యం

కోస్తాలో ఒక చిన్న పట్టణం. అక్కడ ఒకప్పుడు డీటీపీ సెంటర్ నడిపి, ఇప్పుడు మీ-సేవ పనులు చేసుకుంటున్న ఒకాయన, ఆయనతో పాటు రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు వచ్చారు. మాస్టారు తన ప్రాంతం గురించి ఏళ్ల తరబడి సేకరించి రాసిన పుస్తకం ఈయన దగ్గరే పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రామ్‌లో అను ఫాంట్లతో టైప్ చేయించారు. ప్రూఫులు దిద్దడం కూడా అయిపోయింది. డబ్బులు సర్దుబాటు కాక అచ్చు ఆగిపోయింది. ఈలోగా డీటీపీ పని తగ్గి సిస్టమ్ అటక ఎక్కింది. చేతిరాత ప్రతి కూడా వానకి తడిసి పాడైంది. ఇప్పుడు మాస్టారి పిల్లలు అచ్చు వేయిద్దామంటే పుస్తకం ఆ సిస్టమ్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

సిస్టమ్‌లో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ, 80 జీబీ ఐడీఈ హార్డ్ డిస్క్. వెడల్పాటి రిబ్బన్ కేబుల్, నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్ ఉన్న రకం. సీ, డీ అని రెండు భాగాలు చేసి ఉంది.

సమస్య

అటక మీంచి దించి ఆన్ చేస్తే మొదట తేదీ ఏళ్ల వెనక్కి పోయి కనిపించింది. అది మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోవడం వల్ల. అంతవరకు కంగారుపడాల్సింది లేదు. ఆ తర్వాత నల్ల తెర మీద, విండోస్ సిస్టమ్ 32 కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని సిస్టమ్ అనే ఫైలు లేదు లేదా పాడైంది అని మెసేజ్ వచ్చింది. దగ్గర్లో ఉన్న షాపుకి తీసుకెళ్తే వాళ్లు ఎక్స్‌పీ సీడీతో రికవరీ కన్సోల్‌లోకి వెళ్లి చెక్‌డిస్క్ (డిస్క్ మీది ఫైళ్ల ఏర్పాటును సరిచేసే విండోస్ ప్రోగ్రామ్) నడిపారు. బ్యాడ్ సెక్టార్లు (డిస్క్‌లో చదవడానికి రాని చిన్న గళ్లు) కూడా వెతికి సరిచేసే ఆప్షన్‌తో. అది రాత్రంతా నడిచింది. పొద్దున్నకి "డిస్క్ రీడ్ ఎర్రర్" అని తెర మీద ఆగిపోయింది. ఇక ఫార్మాట్ చేసి విండోస్ వేస్తామన్నారు. మాస్టారు ఒప్పుకోలేదు.

"బాబూ, విండోస్ నాకెందుకు? పుస్తకం కావాలి" అన్నారు నాతో. ఆ ఒక్క మాటే పనికి దిశ చూపించింది. ఆ షాపువాళ్లు సిస్టమ్ నడవాలి అన్న ఆలోచనతో పనిచేశారు. నిజానికి సిస్టమ్ ఎప్పటికీ బూట్ కాకపోయినా ఎవరికీ నష్టం లేదు. బూట్ చేయించే ప్రయత్నం ప్రతిదీ డిస్క్ మీద ఏదో ఒకటి రాస్తుంది. విండోస్ మొదలవుతూనే పేజింగ్ ఫైలు, లాగ్‌లు, రిజిస్ట్రీ రాయడం మొదలుపెడుతుంది. అందుకని ఆ సిస్టమ్‌ని ఆ డిస్క్‌తో మళ్లీ ఆన్ చేయనే లేదు.

డిస్క్ ముట్టుకోకముందు అడిగినవి

నేను ముందు అడిగేది డిస్క్ చప్పుడు గురించి. టక్ టక్ మని ఒకే లయలో కొట్టుకుంటుంటే డేటా చదివే హెడ్లు పోయినట్టు. అప్పుడు కరెంటు తీసేసి, శుభ్రమైన గది ఉన్న ల్యాబ్‌కి పంపడమే. నా టేబుల్ మీద చేయగలిగింది ఏమీ ఉండదు. ఈ డిస్క్ మామూలుగా తిరుగుతోంది, అప్పుడప్పుడు మాత్రం ఒకచోట ఆగి గీరుకున్నట్టు చిన్న చప్పుడు వస్తోంది అన్నారు. అంటే హెడ్లు పనిచేస్తున్నాయి, కొన్ని చోట్ల చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది. ఇక్కడ చేయొచ్చు.

రెండో ప్రశ్న, పుస్తకం ఎక్కడ పెట్టారు?

"డెస్క్‌టాప్ మీదే సార్. పని జరుగుతున్నవన్నీ డెస్క్‌టాప్ మీదే పెట్టుకునేవాణ్ణి. అయిపోయాక డీలోకి పంపేవాణ్ణి" అన్నారు డీటీపీ ఆయన.

ఇది చాలా విలువైన సమాచారం. డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవ్. దెబ్బ తగిలింది కూడా సీ లోనే. డీలో ఉన్నవి పెళ్లికార్డులు, కరపత్రాలు. వాటి గురించి ఎవరూ బాధపడటం లేదు. అరిగిన డిస్క్ ఎంతసేపు బతుకుతుందో ముందే చెప్పలేం కాబట్టి ఉన్న శక్తి అంతా ముందు సీలో, అందులోనూ ఫైళ్లున్న చోట ఖర్చుపెట్టాలి. చాలామంది మొదటి సెక్టారు నుంచి చివరిదాకా వరసగా కాపీ కొడతారు. ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌కి అది చాలు.

మూడోది, పుస్తకం ఒకే ఫైలా, విడివిడిగా ఉందా? అధ్యాయానికో ఫైలు అన్నారు. పెద్ద ఫైలైతే పేజ్‌మేకర్ వేలాడిపోయేదట. ఇదీ మంచి వార్తే. ఒకచోట దెబ్బతిన్నా మిగతా అధ్యాయాలు నిలుస్తాయి.

మాస్టారి మనవడు ఫోన్‌లో చూసి, ఫ్రిజ్‌లో పెడితే డిస్క్ పనిచేస్తుందట కదా అని అడిగాడు. ఇలా అడిగేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. ఫ్రిజ్‌లోంచి తీయగానే, అదీ మన కోస్తా ఉక్కపోతలో, డేటా ఉండే లోపలి పళ్లేల మీద తేమ పట్టే ప్రమాదం ఉంది. హెడ్డుకి, పళ్లేనికి మధ్య ఉండే సందు కంటికి కనిపించనంత చిన్నది. అక్కడ తేమ పడితే మిగిలిన ఆశ కూడా పోతుంది. కింద ఉన్న సర్క్యూట్ బోర్డు మార్చేయమనే సలహా కూడా ఇలాంటిదే. ఒక్కో డిస్క్‌కి సొంతంగా ఉండే కొలతలు ఆ బోర్డు మీది చిప్‌లో ఉండే మోడళ్లు చాలా ఉన్నాయి. అదే మోడల్ బోర్డు తెచ్చి పెట్టినా ఆ చిప్ మార్చకపోతే డిస్క్ సరిగా పనిచేయదు. అయినా ఇక్కడ బోర్డు బాగానే ఉంది.

ప్రయత్నించినవి

ముందు డిస్క్ తన గురించి తాను రాసుకునే స్మార్ట్ రిపోర్టు చూశాను. 5వ లైన్, అంటే ఇప్పటికే మార్చేసిన సెక్టార్ల లెక్క, తక్కువగానే ఉంది. 197వ లైన్ మాత్రం ఎక్కువ. చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు అవి. 199 సున్నా. ఇది కేబుల్ తప్పుల లెక్క. ఇది పెరిగి ఉంటే ముందు కేబుల్ మార్చి చూడాలి. సున్నా కాబట్టి లోపం పళ్లేల మీదే ఉందని తేలింది.

పెండింగ్ సెక్టార్ల విషయం ఒకటి అర్థం చేసుకోవాలి. అక్కడున్న పాత డేటాను డిస్క్ ఇంకా వదులుకోలేదు. చల్లగా, నెమ్మదిగా, మళ్లీ మళ్లీ అడిగితే ఎప్పుడో ఒకప్పుడు చదివి ఇవ్వొచ్చు. కానీ ఆ సెక్టారు మీద ఏదైనా రాస్తే, కొత్త డేటా అక్కడే పడుతుంది, లేదా దాన్ని పక్కనపెట్టి స్పేర్ సెక్టారు వాడుకుంటుంది. ఎలాగైనా పాత డేటా ఇక అందదు. చెడ్డ సెక్టార్ల మీద తిరిగి రాసి బాగుచేస్తామని చెప్పే టూల్స్, డిస్క్ అంతా సున్నాలు రాసే ఫుల్ ఫార్మాట్ ఈ డిస్క్ మీద వాడి ఉంటే ఈ కేసు అక్కడితో ముగిసేది.

చదవడానికి విండోస్ వాడలేదు. డిస్క్ తగిలించగానే విండోస్ దాన్ని తెరిచి, అడగకుండానే కొన్ని రాతలు రాస్తుంది. డిస్క్‌ని తనంతట తాను తెరవకుండా (ఆటో మౌంట్) ఆపేసిన లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, గ్నూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కొత్త డిస్క్‌లోకి ఇమేజ్, అంటే డిస్క్ మొత్తానికి నకలు, తీయాలన్నది ప్లాన్. దీనిలో గొప్ప సౌకర్యం మ్యాప్ ఫైలు. ఏ సెక్టారు చదివింది, ఏది చదవలేకపోయింది అన్నీ అందులో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా, డిస్క్ వేడెక్కి మనమే ఆపినా, ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలవుతుంది. యూపీఎస్ ఉన్నా సరే, మ్యాప్ ఫైలు లేకుండా అరిగిన డిస్క్ జోలికి వెళ్లకూడదని నా అభిప్రాయం.

మొదట ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ వాడి చూశాం. అది పనిచేయలేదు. మంచి సెక్టార్లున్నంతసేపు బాగానే నడిచి, మొదటి చెడ్డ సెక్టారు దగ్గర డిస్క్ మొత్తం మాయమైంది. మధ్యలో ఉన్న అడాప్టర్ చిప్ తప్పుని తప్పుగా పైకి చెప్పకుండా బిగుసుకుపోయింది. ప్రతిసారి కరెంటు తీసి పెట్టాల్సి వస్తే ఆ ఆన్ ఆఫ్‌లే డిస్క్‌ని చంపుతాయి. అందుకని దాన్ని పక్కనపెట్టి, ఐడీఈ పోర్టు ఉన్న పాత మదర్‌బోర్డు బయటికి తీశాను. జంపర్ మాస్టర్‌కి మార్చి, కేబుల్ మీద ఈ డిస్క్ ఒక్కటే ఉండేలా పెట్టి, పక్కన చిన్న ఫ్యాన్ ఆన్ చేశాను. నేరుగా పోర్టుకి కలిపితే చెడ్డ సెక్టారు దగ్గర ఆగినా, తప్పు అని చెప్పి ముందుకు కదులుతుంది.

ఈ డిస్క్‌లో మొత్తం 15,63,01,488 సెక్టార్లు, ఒక్కోటి 512 బైట్లు. ముందు ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్క్ మీద ఫైళ్లు అమర్చే పద్ధతి) పట్టికలు చదివాను. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే ఎంఎఫ్‌టీ, ఏ క్లస్టర్ (కొన్ని సెక్టార్ల కట్ట) వాడుకలో ఉందో చెప్పే బిట్‌మ్యాప్. బిట్‌మ్యాప్ చేతికొచ్చాక సీలో వాడుకలో ఉన్న భాగాన్ని మాత్రమే చదవమని డీడీరెస్క్యూకి చెప్పాను. తర్వాత డీ. చివరికి ఖాళీ జాగాలు. మొదటి విడతలో మొండికేసిన చోట ఆగకుండా దాటుకుంటూ పోనిచ్చాను. సులభంగా వచ్చేది ముందు చేతికి రావాలి. మొండి సెక్టార్లతో కుస్తీ పడుతూ డిస్క్ ప్రాణం పోతే, తేలిగ్గా వచ్చేది కూడా రాదు. ఆ తర్వాతే చదవలేని భాగాల అంచుల నుంచి లోపలికి చదవడం, ఒక్కో సెక్టారు విడిగా చదవడం, వెనక నుంచి ముందుకు చదవడం. ఆఖరికి చదవలేనివి వందలోపు సెక్టార్లు మిగిలాయి. అన్నీ సీ మొదటి భాగంలోనే, ఎక్కువ విండోస్ ఫైళ్లలో ఉన్నాయి.

ఇమేజ్‌కి ఇంకో కాపీ తీసి, ఆ తర్వాత పని అంతా ఆ కాపీ మీదే.

ఫలించనివి

డెస్క్‌టాప్ ఫోల్డర్‌లో పుస్తకం కనిపించలేదు. డీటీపీ ఆయన ముఖం పాలిపోయింది. కానీ సీ డ్రైవ్ మొదట్లోనే ఫౌండ్ 000 అనే దాచిన ఫోల్డర్ ఉంది. తల్లి ఫోల్డర్‌తో సంబంధం తెగిపోయినవాటిని చెక్‌డిస్క్ అందులో పడేస్తుంది. విడి ఫైళ్లయితే పేరు పోయి ఒట్టి నంబర్లతో ఉంటాయి. ఫోల్డర్‌కి ఫోల్డరే తెగిపడితే బయటి పేరు మాత్రమే పోతుంది, లోపలి ఫైళ్ల పేర్లు అలాగే ఉంటాయి. మన అదృష్టం, ఇది రెండో రకం. అధ్యాయాలన్నీ పేర్లతో సహా అక్కడ ఉన్నాయి.

ఎక్స్‌పీ వర్చువల్ మెషిన్‌లో (నా కంప్యూటర్‌లోనే నడిచే ఇంకో ఎక్స్‌పీ) పేజ్‌మేకర్ వేసి మొదటి అధ్యాయం తెరిస్తే తెర నిండా పిచ్చి గుర్తులు. పక్కనే కూర్చున్న మాస్టారు "పోయిందా?" అన్నారు. పోలేదు. అను ఫాంట్ల టెక్స్ట్ యూనికోడ్ కాదు. ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీద తెలుగు ముక్కలు గీసి పెట్టిన ఏర్పాటు అది. ఫాంటు లేకపోతే ఆ కోడ్‌లే కనిపిస్తాయి. పాత డిస్క్ ఇమేజ్‌లోని విండోస్ ఫాంట్స్ ఫోల్డర్ నుంచి అవే ఫాంట్లు తెచ్చి వేస్తే తెలుగు కనిపించింది. తెలుగు డీటీపీ డేటా తీసేటప్పుడు ఫాంట్స్ ఫోల్డర్ కూడా తీయాల్సిన ఫైళ్ల జాబితాలో ఉండాలి. ఫైలు పాడైందని తేల్చే ముందు ఫాంటు ఉందో లేదో చూడాలి. బాగున్న ఫైళ్లను చెడిపోయాయని ఇక్కడే పారేస్తుంటారు.

అలా ఒక్కొక్కటీ తెరుచుకుంటూ పోయాయి, రెండు తప్ప. ఆ రెండిటికీ పేజ్‌మేకర్ ఫైలు తెరవలేనంది.

మ్యాప్ ఫైలు చూశాను. ఆ రెండు ఫైళ్లున్న సెక్టార్లన్నీ తప్పు లేకుండా చదివినట్టే ఉంది. డిస్క్ చదివింది, ఫైలు మాత్రం చెడింది. ఫైలు రకాన్ని బట్టి ఇమేజ్ మొత్తం గాలించి తీసే కార్వింగ్ టూల్ కూడా నడిపాను. పేర్లు లేని ఫైళ్లు కుప్పలుగా వచ్చాయి గానీ, ఈ రెండు అధ్యాయాల పూర్తి ప్రతులు వాటిలో లేవు. కార్వింగ్ చాలావరకు ఫైలు ఒకేచోట వరసగా ఉందనుకుని పనిచేస్తుంది. ఇవి అలా లేవని తర్వాత తెలిసింది.

దారి దొరికిన చోటు

ఫైలులోని బైట్లను ఉన్నవున్నట్టు చూపే హెక్స్ ఎడిటర్‌లో ఆ రెండిటిలో మొదటి ఫైలు తెరిచి మెల్లగా కిందికి వెళ్లాను. కొంతదూరం మామూలుగా ఉంది. ఒకచోట ఉన్నట్టుండి సున్నాలు మొదలై, సరిగ్గా 4096 బైట్ల తర్వాత మళ్లీ మామూలు డేటా వచ్చింది. సున్నాలు మొదలైన చోటు కూడా 4096తో నిశ్శేషంగా భాగించబడే స్థానమే. ఈ డ్రైవ్‌లో క్లస్టర్ సైజు 4096, అంటే ఎనిమిది సెక్టార్లు. డిస్క్ అరుగుదల సెక్టారు లెక్కన దెబ్బతీస్తుంది. ఒక క్లస్టర్‌ని అంచు నుంచి అంచుకి కొలిచినట్టు ఖాళీ చేసేది సాఫ్ట్‌వేరే.

ఎంఎఫ్‌టీలో ఆ ఫైలు చిరునామాల వరస చూశాను. క్లస్టర్లు వరసగా ఉండి, ఒక్క నంబరు దగ్గర తెగి, ఒకే ఒక్క క్లస్టర్ ఎక్కడో దూరంగా ఉంది. మళ్లీ ఆ తప్పిన నంబరు తర్వాతి నుంచి వరస కొనసాగింది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో చెడ్డ క్లస్టర్ల జాబితా బ్యాడ్‌క్లస్ అనే ఫైలులో ఉంటుంది. ఎంఎఫ్‌టీలో దాని నంబరు 8. స్లూత్ కిట్ అనే డిస్క్ పరిశీలన టూల్‌తో అది చూస్తే, తప్పిన నంబరు అందులో ఉంది.

ఆ రాత్రి చెక్‌డిస్క్ చేసిన పని ఇదీ: ఈ క్లస్టర్‌లో ఏదో సెక్టారు చదవలేకపోయింది. దాన్ని చెడ్డదని జాబితాలో వేసి, ఫైలుకి బదులుగా కొత్త క్లస్టర్ ఇచ్చింది. ఆ కొత్త క్లస్టర్ ఇక్కడ ఖాళీగా ఉండిపోయింది. ఫైల్ సిస్టమ్ దృష్టిలో ఫైలు బాగుపడింది. నిజానికి మధ్యలో ఒక పుట చింపి తెల్లకాగితం కుట్టినట్టయింది. కాకపోతే జాబితాలో వేసిన పాత క్లస్టర్ మీద ఎవరూ ఇక రాయరు. డేటా ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

బిట్‌మ్యాప్‌లో చెడ్డ క్లస్టర్లు కూడా వాడుకలో ఉన్నట్టే లెక్క. కాబట్టి డీడీరెస్క్యూ వాటిని మొదటే చదివింది. అవన్నీ ఇమేజ్‌లో సిద్ధంగా ఉన్నాయి. ఆ రాత్రి చెక్‌డిస్క్‌కి లొంగనివి, చల్లగా ఉంచి చాలాసార్లు అడిగేసరికి చాలావరకు లొంగాయి. తెరుచుకోని రెండిటిలో మొదటిదానికి ఎనిమిది సెక్టార్లూ దొరికాయి. ఫైలు కాపీలో సున్నాల చోట వాటిని పెట్టి సేవ్ చేస్తే పేజ్‌మేకర్ వెంటనే తెరిచింది. రెండోదానిలో కూడా అదే తంతు. అక్కడ ఎనిమిదిలో ఏడు వచ్చాయి. ఒక్క సెక్టారు కోసం డిస్క్‌ని చల్లారనిచ్చి, ఆ ఒక్కదాన్నే అడుగుతూ కొంతసేపు ప్రయత్నించాను. రాలేదు. స్మార్ట్‌లో 5వ లైన్ పెరగడం మొదలైంది. ఇక ఆపేశాను. కావలసింది దాదాపు అంతా చేతిలో ఉన్నప్పుడు మిగిలిన కొసరు కోసం డిస్క్‌ని ఇంకా తొలచడంలో అర్థం లేదు. ఆ పోయిన చోట సున్నాలు నింపితే ఫైలు తెరుచుకుంది. ఒక పేరా మధ్యలో కొంత టెక్స్ట్ లేదు.

512 బైట్లంటే ఎంత? అను కోడింగ్‌లో ఒక తెలుగు అక్షరానికి రెండు మూడు బైట్లు పట్టొచ్చు. పుస్తకంలో అయితే ఐదారు లైన్లు. "మాస్టారూ, ఇంట్లో ప్రూఫ్ కాగితాలేమైనా ఉన్నాయా?" అని అడిగాను. ఎర్ర సిరాతో దిద్దిన రెండో ప్రూఫ్ ట్రంకు పెట్టెలో ఉందన్నారు. ఆ అధ్యాయం పుటలు తెచ్చారు. ఆ ఐదు లైన్లు డీటీపీ ఆయన మళ్లీ అక్కడే కూర్చుని టైప్ చేశారు. మాస్టారు పక్కనుంచి చదివి చూసి, ఒకచోట దీర్ఘం దిద్దారు.

ఈ కేసు నుంచి నా పనిలో మారినవి

చెక్‌డిస్క్ నడిచిన డిస్క్ వస్తే, ఇమేజ్ తీసిన వెంటనే చెడ్డ క్లస్టర్ల జాబితాని ఫైళ్ల చిరునామాలతో పోల్చి చూస్తున్నాను. ఇదివరకు ఫైలు తెరుచుకోకపోతేనే వెతికేవాణ్ణి. ఫొటోలు, పాటలు మధ్యలో నాలుగు కిలోబైట్లు పోయినా చాలావరకు తెరుచుకుంటాయి. లోపం వెంటనే ఎవరూ గమనించకపోవచ్చు, ఏళ్ల తర్వాత ఎప్పుడో బయటపడుతుంది. ముందే పోల్చి చూస్తే డిస్క్ ఇంకా చేతిలో ఉండగానే పని అయిపోతుంది.

షాపులో పనిచేసే కుర్రాళ్లకి నేను చెప్పేది చెక్‌డిస్క్ చెడ్డదని కాదు. అది ఫైల్ సిస్టమ్ చక్కబెట్టే పనిముట్టు. చక్కబెట్టడమంటే దానికి పొంతన కుదర్చడం. మన డేటా మిగిలిందా లేదా అన్నది దాని లెక్కలో లేదు. ఇమేజ్ కాపీ మీద ఎన్నిసార్లయినా నడపొచ్చు. అసలు డిస్క్ మీద, అదీ గీరుకునే చప్పుడు వస్తున్న డిస్క్ మీద, నడపకూడదు. కస్టమర్ ఫార్మాట్‌కి ఒప్పుకున్నా సరే, ఇందులో ఏం కావాలి అని ఒక్క మాట అడగాలి. ఈ కేసులో ఆ ప్రశ్న మొదటి షాపులోనే పడి ఉంటే ఆ రెండు అధ్యాయాలకి చెక్‌డిస్క్ దెబ్బ తగిలేదే కాదు.

పాత డీటీపీ సిస్టమ్‌లు ఇంకా చాలా ఊళ్లలో అటకల మీద ఉన్నాయి. అచ్చు కాని పుస్తకాలు, గుడి చరిత్రలు, స్థానిక పత్రికల సంచికలు వాటిలో ఉన్నాయి. అవి బూట్ అవుతున్నప్పుడే చేయాల్సింది రెండే. ఒకటి, ప్రతి పేజ్‌మేకర్ ఫైలునీ ఫాంట్లు కలిపి పీడీఎఫ్ చేయడం. అప్పుడు ఏ ఫోన్‌లోనైనా చదవొచ్చు. రెండు, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు చెదిరిన చోట్ల మూలంతో పోల్చి దిద్దుకోవడం. మాస్టారి పుస్తకానికి ఈ రెండూ చేశాం. ఒక పెన్‌డ్రైవ్ ఆయనకి, ఒక కాపీ వాళ్ల అబ్బాయి దగ్గర, ఫాంట్స్ ఫోల్డర్, పేజ్‌మేకర్ ఫైళ్లు యథాతథంగా రెండిట్లోనూ. ఇమేజ్ నా దగ్గర అచ్చు పూర్తయ్యేదాకా ఉంచమన్నారు. ఆ తర్వాత వాళ్లు చెప్పినప్పుడు చెరిపేస్తాను.